చప్పుడు చేయని టాపెట్

తిరుచానూరులో ఉండే ఒక రిటైర్డ్ అయ్యవారి మారుతి 800 గురించి రాస్తున్నాను. మా వైపు బడిపంతులు గారిని ఇప్పటికీ అయ్యవారు అనే పిలుస్తాం. బండి 1997 మోడల్, కార్బురేటర్‌ది. మూడు సిలిండర్లు, 796 సీసీ, ఒక్కో సిలిండర్‌కు రెండు వాల్వులు: గాలి, ఇంధనం లోపలికి వచ్చే ఇన్‌లెట్, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్. డిక్కీలో గ్యాస్ ట్యాంకు ఉంది. ఆయన పిలేరులో ఉన్న కూతురి ఇంటికి నెలకు రెండుసార్లు వెళ్లి వస్తారు. మిగతా రోజుల్లో గుడికి, కూరగాయలకు, ఆసుపత్రికి. ఏడాదికి ఏడెనిమిది వేల కిలోమీటర్లకు మించి తిరగని బండి.

ఫిర్యాదు ఆయన మాటల్లోనే చెబుతాను: "పొద్దున్నే రెండు కాళ్ల మీద నడుస్తుంది నాయనా, పది నిమిషాలకు మూడో కాలు వస్తుంది. భాకరాపేట కనుమ ఎక్కేటప్పుడు మళ్లీ కుంటుతుంది." ఇంతకన్నా చక్కగా రోగం చెప్పిన కస్టమర్ నాకు తగల్లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక సిలిండర్ మిస్ కొట్టడం, వేడెక్కాక సర్దుకోవడం, రంగంపేట దాటి ఘాట్ రోడ్డులో బరువు పడగానే పుల్లింగ్ తగ్గడం. మూడూ ఒకే చోటు నుంచి వస్తున్నాయని నాకు ఆ క్షణంలో తోచలేదు. ఆయనకు అంతకుముందు తగిలిన వాళ్లకూ తోచలేదు. ఒకరు చోక్ తీగ మార్చారు. ఇంకొకరు కార్బురేటర్ విప్పి కడిగారు. ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు రెండుసార్లు కొత్తవి పడ్డాయి. గ్యాస్ కిట్‌లో వేపరైజర్ డయాఫ్రమ్ కూడా మారింది. పెట్రోలు మీద నడిపినా, గ్యాస్ మీద నడిపినా అదే కుంటుడు. అంటే ఇంధనం దారిలో తప్పు లేదన్న మాట. ఆ ఒక్క విషయం పట్టుకుని ఉంటే ఆయన డబ్బు సగం మిగిలేది.

నన్ను ఆపింది ఇంకొకటి. శనివారం సాయంత్రం బండి స్టార్ట్ చేసి బానెట్ ఎత్తితే ఇంజిన్ మీద టాపెట్ చప్పుడే లేదు. ఈ ఇంజిన్ గురించి తెలిసినవాళ్లకు ఇది అనుమానించాల్సిన విషయం. వాల్వును నొక్కి తెరిచే చెయ్యి లాంటిది రాకర్. ఆ రాకర్‌కూ వాల్వు కొసకూ మధ్య గ్యాప్ ఉంచి నడిపే ఇంజిన్ ఇది. ఆ గ్యాప్ సరిచేయడాన్నే టాపెట్లు సెట్ చేయడం అంటాం. గ్యాప్ ఉంటే టిక్కు టిక్కు మని సన్నగా వినబడాలి. 3000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వు నిమిషానికి 1500 సార్లు, అంటే సెకనుకు పాతిక సార్లు తెరుచుకుంటుంది. ఆ పాతిక సార్లూ రాకర్ కొస ఇనుముకు తగులుతుంది. చప్పుడు పూర్తిగా మాయమైందంటే తగలడానికి ఖాళీ లేదన్న మాట.

సైలెన్సర్ దగ్గర కూర్చుని, వాళ్ల గోడ మీది క్యాలెండర్ నుంచి అయిపోయిన రోజు కాగితం ఒకటి చించి గొట్టం మూతికి అడ్డంగా పట్టాను. బాగున్న ఇంజిన్ అయితే కాగితం బయటికే ఎగురుతూ ఉండాలి. ఇది మూడు నాలుగు ఊపిర్లకు ఒకసారి లోపలికి పీల్చుకుంది. మిస్ కొట్టే ఇంజిన్ ఏదైనా కొంచెం ఇలా చేయవచ్చు కాబట్టి ఇదే రుజువు అనను. అయినా ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదేమో అన్న అనుమానానికి బలం వచ్చింది.

"ఎప్పుడైనా టాపెట్లు సెట్ చేయించారా?" అని అడిగాను. పద్నాలుగు నెలల క్రితం చేయించారట. పిలేరు నుంచి తిరిగి వస్తూ, దారిలో చప్పుడు ఎక్కువైందని, ఇంటికి వెళ్లకుండా నేరుగా ఒక గ్యారేజీకి తీసుకెళ్లారు. వాళ్లు వెంటనే బానెట్ ఎత్తి అరగంటలో సెట్ చేసి పంపారు. "ఆ రోజు నుంచి ఒక్క చప్పుడు లేదు, కుట్టుమిషన్ ఆపేసినట్టు ఉంది," అని ఆయన మెచ్చుకున్నారు కూడా. "నేరుగా" అన్న మాట నేను మనసులో గుర్తు పెట్టుకున్నాను.

ఆదివారం తెల్లవారుజామున ఆరు గంటలకు వెళ్లాను. ఇంజిన్ పై కవర్ మీద చెయ్యి పెడితే కాలింది. అయ్యవారి అబ్బాయి ఐదింటికే ఎవరినో బస్టాండులో దింపి వచ్చాడు. చల్లటి ఇంజిన్ కావాలని ముందే చెప్పాను. "ఇప్పుడు చల్లగానే ఉంది కదన్నా, గంట అయింది వచ్చి," అన్నాడు పాపం. గంట చాలదు. ఇంజిన్ మొత్తం బయటి వేడికి సమానంగా దిగడానికి మా ఎండాకాలంలో ఐదారు గంటలైనా పడుతుంది. మధ్యాహ్నం ఎండలో ఆ పని పెట్టుకోవడం కన్నా వారం ఆగడం మేలనిపించింది. తర్వాతి శనివారం రాత్రి వెళ్లి తాళం చెవి నా జేబులో వేసుకుని వచ్చాను.

చల్లగా ఉండాలని అంత పట్టు ఎందుకంటే, ఈ కేసు మొత్తం అక్కడే ఉంది. వేడికి ఇనుము సాగుతుంది, వాల్వు కాడ పొడవవుతుంది, కాబట్టి వేడి ఇంజిన్‌లో గ్యాప్ తగ్గుతుంది అని చాలామంది అనుకుంటారు. ఈ ఇంజిన్‌లో వ్యవహారం తిరగబడి ఉంటుంది. సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. రాకర్లను ఊపే క్యామ్, ఆ రాకర్లు రెండూ హెడ్ మీదే కూర్చుని ఉన్నాయి. హెడ్ వేడెక్కి పైకి పెరిగితే రాకర్లనూ తనతో పాటు ఎత్తుకుపోతుంది. వాల్వు అంత పెరగదు. అందుకే పూర్తిగా వేడెక్కిన ఇంజిన్‌లో గ్యాప్ చల్లగా ఉన్నప్పటి కన్నా సుమారు 0.1 మిల్లీమీటరు ఎక్కువగా ఉంటుంది. మాన్యువల్‌లో చల్లటి లెక్క వేరు, వేడి లెక్క వేరు అని రెండు కొలతలు ఇచ్చేది ఇందుకే. కనుమ దిగి వచ్చిన సలసల కాగే ఇంజిన్ మీద చల్లటి లెక్క 0.15 పెడితే, రాత్రికి అది చల్లారాక మిగిలేది 0.05. అన్ని ఇంజిన్లకూ ఈ లెక్క ఇలాగే పనిచేయదు, ఎవరి బండి పుస్తకం వాళ్లు చూసుకోవాలి.

ఇక పొద్దున కుంటుడు సంగతి. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే ఎగ్జాస్ట్ వాల్వు ఎర్రగా కాలే వాయువుల మధ్య ఉంటుంది, సెకన్లలో వేడెక్కి పొడవవుతుంది. హెడ్ మాత్రం తీరిగ్గా, పది నిమిషాలకు వేడెక్కుతుంది. ఆ మధ్య కాలంలో గ్యాప్ ఉన్నదాని కన్నా ఇంకా తగ్గుతుంది. అసలే బొటాబొటిగా ఉన్న గ్యాప్ అప్పుడు సున్నా దాటి, వాల్వు తాను మూసుకునే అంచు, అంటే సీటు, మీద కూర్చోకుండా వేలాడుతుంది. హెడ్ వేడెక్కాక ఖాళీ వస్తుంది, మూడో కాలు వస్తుంది. కనుమలో బరువు పడితే వాల్వు మళ్లీ అతిగా కాలుతుంది, మళ్లీ అదే కథ. అయ్యవారు చెప్పిన మూడు లక్షణాలూ ఇక్కడ ఒక తాటి మీదికి వచ్చాయి.

పని మొదలుపెట్టే ముందు కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో, చూశాను. పుస్తకం ప్రకారం వేడి ఇంజిన్ మీద చూడాలి. కావాలనే చల్లగా ఉండగా చూశాను, ఎందుకంటే జబ్బు ఉన్నది చల్లగా ఉన్నప్పుడే. కాయిల్ వైరు తీసేసి, మూడు ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి స్టార్టర్ తిప్పితే ఒకటో సిలిండర్ 140 పీఎస్ఐ, రెండోది 70, మూడోది 135. రెండో దాంట్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పితే 80. రింగుల తప్పయితే ఆయిల్ అడ్డుపడి రీడింగ్ బాగా లేవాలి. లేవలేదు కాబట్టి గాలి పైనుంచే, వాల్వు దారినే పోతోంది.

బండిని గేటు లోపల చదునుగా నిలిపి, హ్యాండ్ బ్రేకు లాగి, వెనుక చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టాను. గ్యాస్ ట్యాంకు వాల్వు కట్టేసి, బ్యాటరీ వైరు తీశాను. ముందు చక్రం ఒకటి జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, నాలుగో గేరు వేశాను. ఇప్పుడు ఆ చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పితే ఇంజిన్ తిరుగుతుంది. ప్లగ్గులు లేవు కాబట్టి బరువు ఉండదు. పదో తరగతి చదువుతున్న మనవడిని చక్రం దగ్గర కూర్చోబెట్టాను. వెనక్కి తిప్పవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్‌ను నడిచే దిక్కుకే తిప్పాలి.

ఇక్కడ నాలుగు సిలిండర్ల అలవాటు ఉన్నవాళ్లు బోల్తా పడతారు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో నాలుగో దాని వాల్వులు రెండూ ఊగుతుంటే ఒకటో దాన్ని సెట్ చేయవచ్చు, జంటలు ఉంటాయి. మూడు సిలిండర్ల దాంట్లో జంట లేదు. ఏ సిలిండర్‌ను దాని దగ్గరే చూసుకోవాలి. నేను చేసేది ఇది: ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తిరిగే రోటర్ కనబడేలా పెట్టుకుంటాను. సెట్ చేయాల్సిన సిలిండర్ రాకర్లు రెండింటి మీద రెండు వేళ్లు ఆనిస్తాను. ఎగ్జాస్ట్ రాకర్ పైకి లేస్తూ, అదే సమయంలో ఇన్‌లెట్ రాకర్ కిందికి దిగడం మొదలైతే పిస్టన్ పైన ఉంది గానీ అది సెట్ చేసే చోటు కాదు. అక్కడి నుంచి రోటర్ సరిగ్గా అర చుట్టు తిరగాలి. రోటర్ అర చుట్టంటే, పిస్టన్లు తిప్పే క్రాంక్ ఒక చుట్టు. అప్పుడు ఆ సిలిండర్ రెండు వాల్వులూ పూర్తిగా మూసి ఉండే చోటికి వస్తుంది. ఒకటి అయ్యాక రోటర్ చుట్టులో మూడో వంతు తిప్పితే మూడో సిలిండర్, మరో మూడో వంతుకు రెండోది. సిలిండర్లలో వరుసగా నిప్పు అంటుకునే ఫైరింగ్ క్రమం 1-3-2 కదా.

విప్పక ముందు కొలిచిన గ్యాపులు రాసుకున్నాను. ఇన్‌లెట్లు వరుసగా 0.06, 0.05, 0.06. ఎగ్జాస్ట్‌లు ఒకటో దానికి 0.06, మూడో దానికి 0.05. రెండో ఎగ్జాస్ట్‌లో, గ్యాప్ కొలవడానికి నా దగ్గరున్న రేకుల్లో అతి పల్చటి 0.03 రేకు కూడా దూరలేదు. రాకర్‌ను వేలితో ఊపితే కదల్లేదు, అతికించినట్టు ఉంది.

ఈ ఆరు అంకెలనూ అక్కడే నిలబడి కాసేపు చూశాను. ఐదు వాల్వులు దాదాపు ఒకే కొలతలో, ఉండాల్సిన దాని కన్నా సుమారు 0.1 తక్కువగా ఉన్నాయి. అరుగుదల ఎప్పుడూ ఇంత సమానంగా రాదు. ఇది ఒక మనిషి ఒకే రోజు, ఒకే రేకుతో, వేడి ఇంజిన్ మీద చేసిన పని. ఆరోది మాత్రం గుంపులోంచి తప్పుకుంది. దానికి ఇంకో కారణం తోడయింది. అది గ్యాస్ అని నా అభిప్రాయం. పెట్రోలు తడిగా లోపలికి వచ్చి కొంత వేడిని లాక్కుంటుంది, గ్యాస్ పొడిగా వస్తుంది. గ్యాస్ మీద నడిచే ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వాల్వు తన సీటును తానే అరగదీసుకుంటూ హెడ్‌లోకి దిగబడుతుంది, ఆ మేరకు గ్యాప్ తగ్గుతుంది. ఒకప్పుడు పెట్రోలులో కలిపే సీసం సీటు మీద పూతలా నిలిచి కొంత కాపాడేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే వచ్చింది. మన ఆరోగ్యానికి అది మంచిదే, పాత సీట్లకు మాత్రం ఆ పూత పోయింది. మూడింటిలో నడిమిదే ఎందుకంటే, దానికి రెండు వైపులా వేడి పొరుగువాళ్లు ఉన్నారు కాబట్టి కావచ్చు. ఇది ఊహే, హెడ్ దించితే గానీ తేలదు.

గ్యాప్ లేకపోతే నష్టం కంప్రెషన్‌తో ఆగదు. వాల్వుకు చల్లబడే దారి ముఖ్యంగా సీటే. మూసుకుని సీటును తాకి ఉన్నంత సేపూ తన వేడిని హెడ్‌కు అప్పజెబుతుంది. సీటును తాకకపోతే ఆ వేడి పోయే చోటు లేక, సందులోంచి మంట కూడా జారి, వాల్వు అంచు కాలిపోతుంది. చప్పుడు చేసే టాపెట్ చెవిని బాధిస్తుంది, అంతే. చప్పుడు చేయనిది హెడ్ దింపిస్తుంది. ఎక్కువ గ్యాప్ తక్కువ గ్యాప్ కన్నా తక్కువ పాపం అని నేను ప్రతి కుర్రాడికీ చెప్పేది ఇందుకే.

ఈ ఇంజిన్‌కు చల్లగా ఇన్‌లెట్ 0.15, ఎగ్జాస్ట్ 0.18 పెడతాను. నా సెట్‌లో 0.18 రేకు లేదు. 0.10, 0.08 రెండు రేకులను శుభ్రంగా తుడిచి కలిపి పట్టుకుంటాను. మధ్యలో ఆయిల్ పొర ఉంటే కొలత తప్పుతుంది. లాక్ నట్ పానాతో వదులు చేసి, స్క్రూడ్రైవర్‌తో స్క్రూ తిప్పుతూ రేకును ఆడిస్తాను. బిగుతు ఎంత ఉండాలో మాటల్లో చెప్పడం కష్టం. పట్టుచీర మడతల మధ్య దుకాణం వాళ్లు పెట్టిన కాగితాన్ని లాగితే తగిలేంత పట్టు. ఊరికే జారితే ఎక్కువ, చీర కూడా కదిలితే తక్కువ. తర్వాత తనిఖీకి 0.15 చోట 0.20 రేకు పెట్టి చూస్తాను, అది దూరకూడదు.

లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ తనతో పాటు రవ్వంత తిరుగుతుంది. స్క్రూడ్రైవర్ కదలకుండా పట్టుకున్నాననే అనుకున్నాను. అయినా రెండో చుట్టు తనిఖీలో మూడో ఎగ్జాస్ట్ 0.13కు దిగి ఉంది. అంటే మొదటి చుట్టు అయ్యాక కవర్ మూసి ఉంటే, పాత గ్యారేజీ చేసిన తప్పునే చిన్న మోతాదులో నేనూ చేసి పంపేవాడిని. ఆరు వాల్వులకు పన్నెండుసార్లు కొలవాలి, విసుగనిపించినా సరే.

ఒకటో ఇన్‌లెట్ ఇంకో పాఠం చెప్పింది. 0.15 పెట్టినా చేత్తో ఊపితే మిగతా వాటి కన్నా ఎక్కువ ఆడింది. టార్చి వేసి చూస్తే స్క్రూ కొస చదునుగా లేదు, వాల్వు తాకి తాకి మధ్యలో చిన్న గుంట పడింది. వెడల్పాటి రేకు గుంట అంచుల మీద వంతెనలా నిలుస్తుంది, గుంట లోతు లెక్కలోకి రాదు. రేకు 0.15 అంటుంది, అసలు గ్యాప్ అంతకన్నా ఎక్కువ. స్క్రూ మార్చడమే మందు. ఆ రోజు నా దగ్గర లేదు. అలాగే వదిలేశాను, దాని చప్పుడు కొంచెం ఎక్కువగానే ఉంటుందని ముందే చెప్పాను.

మళ్లీ కంప్రెషన్: 145, 120, 140. రెండోది 70 నుంచి 120కి వచ్చింది గానీ పక్కవాటితో కలవలేదు. అంచు కొంత కాలిందనే అర్థం.

కవర్ ప్యాకింగ్ గట్టిపడి అప్పడంలా ఉంది. ఆదివారం ఆటోనగర్‌లో దుకాణం తీయించలేక పాతదే పెట్టి మూశాను. సోమవారం ఫోను వచ్చింది, వేడి ఎగ్జాస్ట్ గొట్టం మీద ఆయిల్ కారి మాడు వాసన వస్తోందని. కొత్తది తెచ్చి వేశాను. అది నా బద్ధకమే, కవర్ విప్పే ముందే ప్యాకింగ్ కొని పెట్టుకోవాలి.

ఆదివారానికి తిరిగి వస్తే, స్టార్ట్ చేయగానే మూడు కాళ్ల మీద లేచింది. చోక్ లాగి పది సెకన్లలో ఐడ్లింగ్ నిలబడింది. క్యాలెండర్ కాగితం మళ్లీ గొట్టానికి పడితే బయటికే ఎగిరింది. అయ్యవారు చేతులు వెనక్కి కట్టుకుని తల ఊపారు. లోపలి నుంచి అమ్మగారు వచ్చి కాసేపు విని, "ఇన్నాళ్లూ లేని చప్పుడు ఇప్పుడు మొదలైందేమిటి నాయనా?" అన్నారు. ఆమెకు వినబడుతున్నది ఆరు టాపెట్ల టిక్కు టిక్కు, అందులో ఒకటి గుంట పడిన స్క్రూది. అది మంచి చప్పుడమ్మా అని చెబితే నమ్మినట్టు కనబడలేదు. డబ్బు తీసుకుని చప్పుడు పెట్టి వెళ్లినవాడిగానే ఆ ఇంట్లో నాకు పేరు.

తర్వాతి వారం స్క్రూ మార్చాక చప్పుడు సగం తగ్గింది. పిలేరు వెళ్లి వచ్చి, కనుమలో మూడో గేరు దించకుండా ఎక్కిందని అయ్యవారు ఫోను చేశారు.

సుమారు 900 కిలోమీటర్లకు మళ్లీ చల్లగా కొలిచాను. ఐదు వాల్వులు పెట్టిన చోటే ఉన్నాయి. రెండో ఎగ్జాస్ట్ 0.18 నుంచి 0.14కు దిగింది. సీటు ఇంకా అరుగుతోంది. టాపెట్ సెట్టింగ్ దాన్ని ఆపలేదు, గ్యాప్ ఇచ్చి కొంత గడువు ఇచ్చిందంతే. గ్యాస్ మానేసి పెట్రోలు మీదే నడపమని చెప్పాను. ఖర్చు లెక్క వేసి, కనుమ ఎక్కేటప్పుడు మాత్రం పెట్రోలు, ఊళ్లో గ్యాస్ అని ఆయన రాజీ కుదుర్చుకున్నారు. ఇంకో వెయ్యి కిలోమీటర్లకు వచ్చి కొలుస్తాను, అప్పటికి 0.10 కన్నా తగ్గితే హెడ్ దించి వాల్వు, సీటు చూడాల్సిందే అని చెప్పాను.

"దించుదాం," అన్నారు. "మనవడి పరీక్షలు అయిపోనీ. చక్రం తిప్పేవాడు ఉండాలి కదా."